పిల్లి గోళ్లు తీయించకుండా సోఫా కాపాడుకోవడం: మేం చేసిన పద్ధతి

అమెరికాలో పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే స్పే, న్యూటర్ ఆపరేషన్ కోసం వెళితే కొన్ని క్లినిక్‌లు ఇచ్చే ఎస్టిమేట్‌లో ఇప్పటికీ ఇంకో లైన్ కనిపిస్తుంది: ఫ్రంట్ డిక్లా, అంటే ముందు కాళ్ల గోళ్లు తీసేయడం. ఎలాగూ మత్తు ఇస్తున్నాం కాబట్టి గోళ్ల పని కూడా ఒకేసారి అయిపోతుందంటారు. టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ వర్తించే నిషేధం లేదు. ఆస్టిన్ నగరం మాత్రం 2021లో నిషేధించింది. మేం ఆ లైన్ కొట్టేయించి, గోళ్లున్న పిల్లితోనే అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. గుడ్డ సోఫా ఉంది, కార్పెట్ ఉంది, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి నెలల తరబడి ఉంటారు. ఏం చేశామో, ఏది ఎందుకు పనిచేసిందో కొలతలతో సహా రాస్తున్నాను. గోళ్లు తీయించాలా వద్దా అనే ప్రశ్న చాలా తెలుగు ఇళ్లలో వస్తోంది, సరైన సమాధానం మాత్రం క్లినిక్ కౌంటర్ దగ్గర దొరకడం లేదు.

ముందు ఆ ఆపరేషన్ ఏమిటో తెలియాలి. మన గోరు చర్మంలోంచి వస్తుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముకలోంచి పెరుగుతుంది. అది మళ్లీ రాకూడదంటే ఆ ఎముకను తీసేయక తప్పదు. అంటే మన చేతి వేళ్లన్నిటినీ చివరి కణుపు దగ్గర కోసేసినట్టు. ముందు కాళ్లకు ఒక్కోదానికి 5 వేళ్లు కాబట్టి ఫ్రంట్ డిక్లా అంటే 10 చోట్ల ఎముక కోయడం. నాలుగు కాళ్లకూ చేస్తే 18. స్కాల్పెల్‌తో కీలు దగ్గర విడదీయడం ఒక పద్ధతి, గిలటిన్ రకం కట్టర్‌తో ఎముకను అడ్డంగా తెంచడం మరోటి, లేజర్ మూడోది. లేజర్ అనగానే నొప్పి లేని పని అనుకుంటారు. కోసే సాధనమే మారింది, తీసేది అదే ఎముక.

కట్టర్‌తో తెంచినప్పుడు ఎముక ముక్క లోపల మిగిలిపోవడం మామూలే. ఆ ముక్కకు గోరు పుట్టించే కణజాలం అంటుకుని ఉంటే గోరు వంకరగా చర్మం లోపలే పెరిగి చీము పడుతుంది. 2018లో జర్నల్ ఆఫ్ ఫీలైన్ మెడిసిన్ అండ్ సర్జరీలో వచ్చిన ఒక అధ్యయనంలో గోళ్లు తీసిన 137 పిల్లులను, తీయని 137 పిల్లులను పోల్చారు. గోళ్లు తీసిన వాటిలో 63 శాతం పిల్లుల ఎక్స్‌రేలలో ఎముక ముక్కలు మిగిలి కనిపించాయి. నడుం నొప్పి, కరవడం, లిట్టర్ బాక్స్ బయట మూత్రం పోయడం గోళ్లు తీసిన పిల్లుల్లోనే బాగా ఎక్కువగా కనిపించాయి. కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లి వేళ్ల మీద నడుస్తుంది. చివరి కణుపు పోతే బరువు వెనక్కి, మెత్తటి భాగాల మీదికి మళ్లుతుంది, దాంతో భుజాలూ వెన్నూ వేరే విధంగా పనిచేయాల్సి వస్తుంది. కోసిన చోట ఇసుక లాంటి లిట్టర్ గుచ్చుకుంటుంది. ఆ నొప్పిని పిల్లి డబ్బాతో ముడిపెట్టుకుని కార్పెట్ మీదికి వెళ్తుంది. రక్కే ఆయుధం పోయింది కాబట్టి భయపడినప్పుడు సరాసరి కరుస్తుంది. పిల్లి కాటు గీతకంటే ప్రమాదం. కోరలు సన్నగా లోతుగా దిగుతాయి, పైన చర్మం మూసుకుపోతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. సోఫా కోసం చేయించిన ఆపరేషన్ కార్పెట్‌నూ మనుషుల చేతులనూ బలి అడుగుతుందన్నమాట.

కొందరు డాక్టర్లు ఎముక తీయం, వేలిని వంచే స్నాయువు (టెండన్) మాత్రం కట్ చేస్తాం అంటారు. దాన్ని టెండనెక్టమీ అంటారు. అప్పుడు గోరు ఉంటుంది, పిల్లి దాన్ని బయటికి తీయలేదు, గీకి అరగదీయలేదు. గోళ్లు మందంగా పెరిగి పాదం కింది మెత్తలోకి దిగుతాయి, కాబట్టి జన్మంతా మనమే కత్తిరించాలి. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ దీన్ని కూడా వద్దనే అంటోంది.

చట్టం సంగతి క్లుప్తంగా. అమెరికాలో మొదట నిషేధించిన నగరం వెస్ట్ హాలీవుడ్, 2003లో. మొదటి రాష్ట్రం న్యూయార్క్, 2019లో. తర్వాత మేరీలాండ్, వర్జీనియా, మసాచుసెట్స్ వచ్చాయి. వీసీఏ, బాన్‌ఫీల్డ్, బ్లూపెర్ల్ ఆస్పత్రులు 2020లో వాటంతట అవే మానేశాయి. బ్రిటన్‌లో, యూరప్‌లో చాలా దేశాల్లో, కెనడాలోని ఎక్కువ ప్రావిన్సుల్లో ఇది నిషిద్ధం. ఇండియాలో ఇది అలవాటైన ఆపరేషన్ కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 జంతువుల అంగచ్ఛేదనాన్ని నేరాల్లో చేర్చింది. గోరు మొదట్లో కణితి, ఎంతకీ తగ్గని ఎముక ఇన్ఫెక్షన్ లాంటివి వస్తే ఆ ఒక్క వేలి చివర తీయడం వైద్యం. నిషేధాలున్న చోట్ల కూడా దానికి మినహాయింపు ఉంటుంది. ముసలి పిల్లికి ఒకటి కంటే ఎక్కువ వేళ్లు ఒకేసారి వాచి గోరు వంకర పోతుంటే మాత్రం ఛాతీ ఎక్స్‌రే అడగండి. ఊపిరితిత్తుల క్యాన్సర్ వేళ్లకు పాకి ఒక్కోసారి అలా బయటపడుతుంది.

ముందు ఇంట్లో ఏం గమనించాలి

పిల్లి గీకడం చెడ్డ అలవాటు కాదు, మాన్పించగలిగేది అంతకంటే కాదు. పాత గోరు పొర ఊడాలంటే గీకాలి. ఊడిన పొరలు గోరు ఆకారంలోనే, బోలుగా, పోస్ట్ (పిల్లి గీకడానికి పెట్టే స్తంభం) కింద దొరుకుతాయి. వాటిని చూసి గోరు ఊడిపోయిందని కంగారు పడక్కర్లేదు. నిద్ర లేవగానే వెన్నూ భుజాలూ సాగదీయడానికి గీకుతుంది. కాలి వేళ్ల మధ్య గ్రంథుల వాసన అంటించి ఇది నా చోటు అని గుర్తు పెట్టడానికీ గీకుతుంది. అందుకే బట్టలు ఉతికే గది మూలలో పెట్టిన పోస్ట్‌ను వదిలేసి, అందరూ తిరిగే హాలులో సోఫా మూలను పట్టుకుంటుంది. గుర్తు ఎవరికైనా కనబడే చోటే కదా పెట్టాలి.

కాబట్టి పోస్ట్ కొనే ముందు నాలుగు సంగతులు చూసి రాసుకున్నాం. ఎక్కడ గీకుతోంది, నిలువుగానా అడ్డంగానా, దేన్ని, ఎప్పుడు. మా పిల్లి నిద్ర లేచాక, మేం తలుపు తీసి ఇంట్లోకి వచ్చాక సోఫా చేతి ముందు మూలను నిలువుగా గీకేది. నేత వదులుగా ఉన్న గుడ్డ, గోరు దిగితే దారం లాగుతుంది. అంటే కావాల్సింది నిలువు పోస్ట్, గరుకు పీచు, హాలు మధ్యలో. కార్పెట్‌నూ డోర్ మ్యాట్‌నూ గీకే పిల్లికి నిలువు పోస్ట్ ఎంత ఖరీదుదైనా పనికిరాదు. దానికి నేల మీద పరిచే అట్ట ప్యాడో, కొద్దిగా ఏటవాలుగా ఉండే పలకో కావాలి. పిల్లి పోస్ట్ ముట్టుకోవడం లేదు అని చెప్పే ఇళ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. రెండోది ఎత్తు.

పోస్ట్ తయారీ

షాపుల్లో దొరికే 20 అంగుళాల పోస్టులు పిల్లి పిల్లలకే సరిపోతాయి. పెద్ద పిల్లి ముందు కాళ్లు పైకి చాపి, వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లంతా సాగదీసుకోవాలంటే కనీసం 32 అంగుళాలు ఉండాలి. 36 ఉంటే నిశ్చింత. అది కదలకూడదు కూడా. గీకినప్పుడు ఒక్కసారి ఒరిగిందంటే పిల్లి మళ్లీ దాని దగ్గరికి రావడం కష్టం. సోఫాలో దానికి నచ్చేది ఆ బరువే.

మేం చేసింది ఇలా. ఫోర్ బై ఫోర్ అని అమ్మే కర్ర ముక్క, 36 అంగుళాలు. అసలు కొలత మూడున్నర అంగుళాల చదరం. ఆకుపచ్చ ఛాయతో ఉండే ప్రెషర్ ట్రీటెడ్ కర్ర తీసుకోకూడదు, చెద పట్టకుండా దానికి రసాయనం ఎక్కిస్తారు. మామూలు పైన్ చాలు. అడుగు పలకకు ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్, 24 అంగుళాల చదరం. కర్ర నాలుగు అంచులను గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దాలి. అంచు పదునుగా ఉంటే తాడు అక్కడే తెగుతుంది. పలక కింది నుంచి మూడున్నర అంగుళాల స్క్రూలు నాలుగు, ముందుగా సన్నటి రంధ్రాలు చేసి, కర్ర అడుగున ఉడ్ గ్లూ రాసి బిగించాలి. మధ్యలో ఒకటే పెద్ద స్క్రూ పెడితే కొన్నాళ్లకు పోస్ట్ దాని చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది.

తాడు సైజల్, అంటే మన కిత్తనార. మందం మూడు బై ఎనిమిది అంగుళం, 10 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. కొనే ముందు వాసన చూడాలి. కొన్ని తాళ్లకు నూనె పట్టించి అమ్ముతారు, కిరోసిన్ లాంటి వాసన కొడుతుంది. పిల్లి దాని దగ్గరికి రాదు. రంగు వేసినది కూడా వద్దు. ఎంత పొడవు కావాలో లెక్క ఉంది: ఈ కర్ర చుట్టూ ఒక చుట్టుకు సుమారు 15 అంగుళాల తాడు పడుతుంది. 100 అడుగుల చుట్ట తెస్తే 30 అంగుళాల ఎత్తు వరకు వస్తుంది. పిల్లి అడుగున ఉన్న 6 అంగుళాలను ఎలాగూ గీకదు, అది ఖాళీగా వదిలేస్తే ఒక్క చుట్టతో పని అయిపోతుంది. 36 అంగుళాలూ చుట్టాలంటే 120 అడుగులు దాటుతుంది.

చుట్టడం ఇద్దరి పని. ఒకరు పోస్ట్ తిప్పాలి, ఒకరు తాడు లాగి పట్టుకోవాలి. కింది చివర ఒక స్క్రూ, వెడల్పు వాషర్‌తో బిగించి, మొదటి నాలుగైదు చుట్లకు కర్ర మీద గ్లూ రాసి, ప్రతి నాలుగు చుట్లకు ఒకసారి చెక్కముక్క ఆనించి సుత్తితో కిందికి కొట్టాలి. ఈ కొట్టడం మానేస్తే వారం తిరక్కుండానే చుట్ల మధ్య సందు వస్తుంది. సందులో గోరు ఇరుక్కుంటే పిల్లి బెదురుతుంది. పై చివరను కర్ర నెత్తిమీదికి మడిచి అక్కడ స్క్రూ బిగించాలి. మధ్యలో స్టేపుల్ పిన్నులు కొట్టొద్దు. అవి వదులై పైకి లేస్తాయి, పాదానికి గుచ్చుకుంటాయి.

హైదరాబాద్, విజయవాడల్లో ఇదే చేయాలనుకుంటే కలప అడితిలో మిగులు ముక్క అడిగితే దొరుకుతుంది. 4 అంగుళాల పీవీసీ పైపు కూడా పనికొస్తుంది. దాని బయటి వ్యాసం 110 మిల్లీమీటర్లు, 10 మిల్లీమీటర్ల తాడుతో 90 సెంటీమీటర్ల ఎత్తు చుట్టాలంటే దాదాపు 34 మీటర్లు కావాలి. పైపు నున్నగా ఉంటుంది కాబట్టి ముందు గరుకు కాగితంతో రుద్దాలి. దాని మీద ఫెవికాల్ పట్టదు, హాట్ గ్లూ వాడాలి. లోపల ఇసుక నింపి రెండు చివరలా మూత బిగిస్తే బరువు వస్తుంది. కిత్తనార తాడు దొరక్కపోతే మందమైన గోనె పట్టాను బిగుతుగా చుట్టండి, చాలా పిల్లులు ఇష్టంగా గీకుతాయి. నైలాన్ తాడు వద్దే వద్దు. గోరు సరిగ్గా పట్టదు, పైగా ఊడిన పోగులు మింగితే పేగుల్లో అడ్డం పడతాయి. నులక మంచం, నవారు మంచం ఉన్న ఇళ్లలో పిల్లి వాటిమీద పడటం సహజం. ఆ మంచం పక్కనే పోస్ట్ ఉండాలి.

ఎక్కడ పెట్టాలి, ఎలా అలవాటు చేయాలి

పోస్ట్‌ను సోఫా మూలకు ఆనించి పెట్టాం, సరిగ్గా గీకే చోట. చూడటానికి హాలు బాగుండదు, కొన్నాళ్లు ఓర్చుకోవాలి. అదే రోజు సోఫా మూలను గీకడానికి పనికిరాకుండా చేయాలి. ఈ రెండూ కలిసి జరగాలి. పోస్ట్ ఒక్కటే పెడితే పిల్లి పాత చోటే వాడుతుంది. సోఫా ఒక్కటే కప్పితే ఇంకో మూలకు వెళ్తుంది.

సోఫాకు రెండు వైపులా అంటుకునే పారదర్శక టేప్ వాడాం. కాలికి జిగురు తగలడం పిల్లికి చిరాకు. గుడ్డ మీదైతే పర్వాలేదు, లెదర్ మీద టేప్ వేస్తే తీసేటప్పుడు రంగు లేచిపోతుంది. లెదర్‌కు మందమైన ప్లాస్టిక్ షీట్ చుట్టి వెనక పిన్నులతో బిగించాలి. ఇంటి నిండా దుమ్ము ఉంటే టేప్ జిగురు త్వరగా పోతుంది, పట్టు తగ్గగానే మార్చాలి. నిమ్మ తొక్కలు, ఘాటు నూనెలు అని చాలామంది చెబుతారు. నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్, కర్పూరం, కలరా ఉండలు పిల్లులకు విషం. సోఫా మూలల్లో కలరా ఉండలు దోపడం మన ఇళ్లలో చూస్తుంటాం. పిల్లి ఉన్న ఇంట్లో అవి బీరువాలో కూడా ఉండకూడదు. వాటి ఆవిరిని పీల్చినా, కాలికి అంటింది నాకినా ఎర్ర రక్తకణాలూ కాలేయమూ దెబ్బతింటాయి.

పిల్లి పోస్ట్ మీద కాలు వేసిన రెండు మూడు క్షణాల్లోనే తినడానికి ఏదైనా ఇవ్వాలి. ఉడికించిన కోడిమాంసం ముక్క, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ లేకుండా, బఠాణీ గింజంత. ఆలస్యమైతే దేనికి ఇచ్చారో దానికి తెలియదు. కాళ్లు పట్టుకుని పోస్ట్ మీద రుద్దడం చాలా ఇళ్లలో చేస్తారు. పిల్లికి నేర్చుకున్నట్టు ఉండదు, పట్టి ఆపినట్టు ఉంటుంది. తర్వాత పోస్ట్‌నే తప్పించుకు తిరుగుతుంది. దాని బదులు పోస్ట్ పై భాగంలో ఈకల కర్ర ఆడిస్తే, అందుకోబోయి తనంతట తానే గోళ్లు దించుతుంది. నీళ్లు చల్లడం, అరవడం వల్ల జరిగేది ఒకటే, మీరు లేనప్పుడు గీకడం.

క్యాట్‌నిప్ (వాసనతో పిల్లులను ఆకర్షించే ఒక మొక్క) పొడి తాడులో రుద్దితే చాలా పిల్లులు వస్తాయి, అన్నీ రావు. మూడు నెలలు దాటని పిల్లి కూనలకు అసలు పట్టదు. మన ఊళ్లలో అయితే కుప్పింటాకు మొక్క ఉంది. దొడ్లో, గోడల వెంట తనంతట తనే మొలుస్తుంది. వేరుతో పీకి, మట్టి కడిగి, వేరును కొద్దిగా చితక్కొట్టి పోస్ట్ పై సగానికి రుద్దండి. వేరు వాసనకు పిల్లులు వచ్చి బుగ్గలు రాసుకుని దొర్లడం పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలిసిన దృశ్యమే. వాసన వరకే, వేరును నమలడానికి వదలొద్దు. రుద్దేసి తీసేయండి.

పోస్ట్‌ను రోజూ వాడటం స్థిరపడ్డాక, సుమారు నెల తర్వాత, సోఫా నుంచి రోజుకు రెండు మూడు అంగుళాల చొప్పున జరపొచ్చు. ఎంత దూరం జరిపినా హాలులోనే ఉండాలి. జరుపుతుండగా సోఫా వైపు మళ్లీ చూసిందంటే తొందరపడ్డారని అర్థం. వెనక్కి తెచ్చి కొన్నాళ్లు అక్కడే ఉంచండి. టేప్‌ను చివర తీయాలి, ఒక్కో పక్క చొప్పున. పిల్లి పడుకునే చోటుకు దగ్గర్లో రెండో పోస్ట్ ఉంటే చాలా తేడా వస్తుంది. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ పోస్టులు ఉండాలి. ఇద్దరి వాసన ఒకే పోస్ట్ మీద ఉంటే బెదురు పిల్లి దాన్ని వదిలి మళ్లీ సోఫాకే వెళ్తుంది.

ఇండియా అపార్ట్‌మెంట్లలో దోమల మెష్ పెద్ద సమస్య. బాల్కనీ మెష్‌ను పిల్లి ఎక్కేస్తుంది. అది గీకడం కాదు, అవతల పావురం ఉంది. కిటికీ పక్కన ఎత్తుగా కూర్చునే చెక్క ఒకటి బిగించి, సన్న నైలాన్ మెష్ బదులు స్టీలు మెష్ వేయించాలి. పై అంతస్తుల్లో ఇది పిల్లి ప్రాణానికి సంబంధించిన పని, వాయిదా వేయకండి.

గోళ్లు కత్తిరించడం

రెండు మూడు వారాలకోసారి ముందు కాళ్ల 10 గోళ్ల మొనలు కత్తిరిస్తే సోఫాకూ చర్మానికీ జరిగే నష్టంలో సగం అక్కడే పోతుంది. పిల్లుల కోసం అమ్మే చిన్న కత్తెర రకం క్లిప్పర్ తీసుకోండి. మనుషుల నెయిల్ కట్టర్ గోరును పక్కల నుంచి నొక్కి చీలుస్తుంది.

కత్తెర తీసేముందు చేయాల్సిన పని ఎక్కువ. కొన్ని రోజులు ఊరికే పాదం తాకి వదిలి, తిండి ముక్క ఇవ్వాలి. తర్వాత వేలిని పైనా కిందా మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది, అప్పుడు ముక్క ఇవ్వాలి. ఆ తర్వాత పక్కన క్లిప్పర్ చప్పుడు. అప్పుడు ఒకే ఒక్క గోరు. పిల్లి కాలు వెనక్కి లాక్కుంటే వదిలేయాలి. పట్టు బిగిస్తే తర్వాతి సారి క్లిప్పర్ చూడగానే మంచం కిందికి పోతుంది. నిద్రమత్తులో, తిన్న తర్వాత ఉన్నప్పుడు పని తేలిక. మెడ వెనక చర్మం పట్టి లేపడం అవసరం లేదు, భయం పెంచుతుంది.

గోరును వెలుతురుకు పెట్టి చూస్తే లోపల గులాబీ రంగు నాళం కనిపిస్తుంది. అందులో రక్తనాళమూ నరమూ ఉంటాయి. దానికి 2 మిల్లీమీటర్ల దూరం వదిలి, వంకర తిరిగిన మొన వరకే కత్తిరించాలి. కత్తెర నోరు పై నుంచి కిందికి పడాలి, పక్క నుంచి పడితే గోరు చీలుతుంది. నల్ల గోళ్లకు టార్చ్ వెనక నుంచి పట్టాలి. అయినా కనిపించకపోతే కొక్కెం చివర మాత్రం తీసి ఆపండి. నాళం తెగి రక్తం వస్తే స్టిప్టిక్ పౌడర్, అది లేకపోతే మొక్కజొన్న పిండి వేలితో అద్ది రెండు మూడు నిమిషాలు నొక్కి పట్టాలి, ఆగిపోతుంది. ఆరోజుకు ఇక కత్తిరించడం ఆపేయాలి.

బొటనవేలి స్థానంలో లోపలి వైపు ఉండే గోరును మరవకండి. అది నేలను తాకదు, అరగదు. ముసలి పిల్లులు గీకడం తగ్గిస్తాయి కాబట్టి వాటికది గుండ్రంగా తిరిగి మెత్తలోకి దిగుతుంది. పదేళ్లు దాటిన పిల్లి కుంటుతుంటే నేను ముందు చూసేది ఆ గోరే. వెనక కాళ్ల గోళ్లు సోఫాను పెద్దగా పాడు చేయవు, దూకేటప్పుడు పట్టుకు అవసరం. బయట తిరిగే పిల్లికి మాత్రం గోళ్లు కత్తిరించొద్దు, కుక్క తరిమితే చెట్టెక్కాలి.

గోరు మీద అంటించే వినైల్ తొడుగులు ఉన్నాయి, సాఫ్ట్ పాస్ లాంటివి. ఒక ప్యాకెట్‌లో 40 తొడుగులు, జిగురు వస్తాయి. ముందు మొన కత్తిరించి, తొడుగులో మూడో వంతు వరకే జిగురు వేసి తొడగాలి. ఎక్కువ వేస్తే అంచుల్లోంచి పొంగి చర్మానికి అంటుకుంటుంది. కొన్ని నిమిషాలు ఒళ్లో పట్టుకోవాలి, లేకపోతే వెంటనే పీకేస్తుంది. గోరు పొర ఊడేటప్పుడు నాలుగు నుంచి ఆరు వారాల్లో ఒక్కోటీ రాలిపోతాయి. సైజు చిన్నదైతే గోరు లోపలికి ముడుచుకోలేదు, ఆ పిల్లి కాలు మాటిమాటికీ నాకుతుంది. అలా కనిపిస్తే తీసేయించాలి. ఇది తాత్కాలిక ఉపాయం. పోస్ట్ అలవాటయ్యే లోపు, లేదా చర్మం పల్చబడ్డ పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నన్నాళ్లు వాడుకోవచ్చు.

పెద్దవాళ్లు, ఓనర్లు

అమ్మకు షుగర్, నాన్న రక్తం పలచబడే మందు వేసుకుంటారు, అందుకే గోళ్లు తీయించాలి అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ ఆందోళన నిజమైనది, తీసిపారేయకూడదు. కానీ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల కోసమైనా పిల్లి గోళ్లు తీయించమని అమెరికా వైద్య మార్గదర్శకాలు చెప్పవు. పిల్లి గీత వల్ల వచ్చే జ్వరానికి కారణమైన బార్టొనెల్లా బాక్టీరియా పిల్లి ఒంటి మీద ఉండే ఫ్లీ పురుగుల ద్వారా, వాటి మలం గోళ్లకు అంటుకోవడం ద్వారా వస్తుంది. కాబట్టి అసలు పని నెలనెలా ఫ్లీ మందు, గోళ్లు కత్తిరించడం, ఏడాది లోపు కూన బదులు నెమ్మదైన పెద్ద పిల్లిని తెచ్చుకోవడం, చేతులతో ఆడించకపోవడం. చేతిని ఆటబొమ్మ చేస్తే పిల్లి చేతినే వేటాడుతుంది. ఈకల కర్రతో రోజుకు రెండుసార్లు పది పదిహేను నిమిషాలు ఆడిస్తే కాళ్ల మీద దూకడం తగ్గుతుంది.

గీత పడితే వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద కడగాలి. ఇండియాలో అయితే రేబిస్ గుర్తుంచుకోవాలి. 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రక్తం రాని గీతకు కూడా టీకా సూచిస్తారు. రక్తం వచ్చేంత లోతు గీతకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తారు. పసుపో, సున్నమో పెట్టి ఊరుకోకండి. పిల్లికి ఏటా రేబిస్ టీకా వేయించి కార్డు దాచుకోండి.

అమెరికాలో కొన్ని అపార్ట్‌మెంట్ల లీజులో డిక్లా చేసిన పిల్లులకే అనుమతి అని ఉంటుంది. కాలిఫోర్నియాలో అలా అడగడమే చట్టవిరుద్ధం. మిగతా చోట్ల సంతకానికి ముందే మాట్లాడాలి. పోస్టుల ఫొటోలు, గోళ్లు కత్తిరించిన రసీదులు, పాత ఓనర్ ఇచ్చిన లేఖ, కాస్త ఎక్కువ పెట్ డిపాజిట్ ముందు పెడితే ఒప్పుకునే ఆఫీసులు ఉన్నాయి. ఒప్పుకోకపోతే వేరే ఇల్లు చూసుకోవాలి, నా మాట ఇదే.

అప్పటికే గోళ్లు తీసేసిన పిల్లిని షెల్టర్ నుంచి తెచ్చుకునేవాళ్లకు రెండు మాటలు. మొదటి చెకప్‌లోనే ముందు పాదాల ఎక్స్‌రే అడగండి. ఎముక ముక్కలు మిగిలి ఉంటే వాటిని తీసే సర్జరీ ఉంది, చాలా పిల్లులకు ఉపశమనం ఇస్తుంది. కాళ్లు మార్చి మార్చి ఎత్తడం, పాదాలు కొరుక్కోవడం, దూకే ముందు తటపటాయించడం, నడుం మీద చెయ్యి వేస్తే ఒళ్లు జలదరించడం నొప్పి గుర్తులు. లిట్టర్‌కు గట్టి గుళికలు వద్దు, సన్నటి మెత్తటి రకం వాడండి, డబ్బా అంచు ఎత్తు తగ్గించండి. గోళ్లు లేకపోయినా గీకే కదలిక చేస్తుంది, దానికీ పోస్ట్ కావాలి. తాడు బదులు మెత్తటి గుడ్డ చుట్టిన పోస్ట్ ఇవ్వండి. బరువు పెరగనివ్వకండి, ఆ పాదాల మీద ప్రతి అరకిలో భారమే.

పోస్ట్ తాడు పీచులు పీచులుగా లేచాక చాలామంది దాన్ని పడేసి కొత్తది తెస్తారు. పిల్లి ఇన్నాళ్లూ దాన్ని అంత తయారు చేసుకుంది, వాసన దానిదే. పూర్తిగా తెగి కర్ర కనిపించేదాకా ఉంచండి. అప్పుడు కూడా పై సగం మాత్రం విప్పి కొత్త తాడు చుట్టండి, కింది సగం పాతదే ఉండాలి. కొత్త తాడు మీద రెండు మూడు రోజులు ముక్కలు ఇవ్వండి, పాత తాడు కొంచెం కోసి కొత్త చుట్ల మీద రుద్దండి. మొత్తం పోస్ట్ మార్చక తప్పకపోతే కొత్తది పక్కనే పెట్టి, పిల్లి దాని మీదికి మారాకే పాతది తీయండి.